చెప్పడం నా పని, వినడం ఎవరి పనీ కాదు!

ఈసారి ఉత్తరం హైదరాబాద్ నుంచి. రాసినవారు తన పేరూ, కంపెనీ పేరూ వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సంగతి మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమెకు 31 ఏళ్లు. ఎం.ఫార్మసీ చదివి, ఐడీఏ బొల్లారంలో మాత్రలు తయారుచేసే ఒక ప్లాంటులో క్వాలిటీ అస్యూరెన్స్ (క్యూఏ) ఎగ్జిక్యూటివ్‌గా చేస్తున్నారు. నిజాంపేట నుంచి రోజూ కంపెనీ బస్సులో వెళ్లివస్తారు. నాలుగు నెలల కిందట ప్లాంట్ హెడ్ ఒక మీటింగులో "బ్యాచ్ రికార్డుల్లో తప్పులు తగ్గించే బాధ్యత ఇకమీదట మేడమ్‌ది, అందరూ కోఆపరేట్ చెయ్యండి" అని ప్రకటించి వేరే విషయంలోకి వెళ్లిపోయారు. (బ్యాచ్ రికార్డంటే ఒక విడత మందు తయారీలో ప్రతి అడుగూ రాసిపెట్టే కాగితాలు.) హోదా మారలేదు, జీతం మారలేదు, ఆమె కింద ఒక్క మనిషీ లేరు. పని చేయించాల్సింది ప్రొడక్షన్, మెయింటెనెన్స్, వేర్‌హౌస్ వాళ్ల చేత. వాళ్లెవరూ ఆమెకు జవాబు చెప్పాల్సినవాళ్లు కారు. "మీటింగులో అందరూ తలూపుతారు, బయటికొచ్చాక ఎవరి దారి వాళ్లది" అని రాశారు.

ఒకరోజు షిఫ్ట్ మధ్యలో, పొడిని మాత్రలుగా నొక్కే కంప్రెషన్ గదికి వెళ్తే రికార్డులో మూడు గంటల ఎంట్రీలు ఖాళీగా కనిపించాయట. షిఫ్ట్ దిగే వేళకి అవన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినట్టు నిండిపోయాయి. ఆమె డీవియేషన్ (పద్ధతి తప్పిందని రాతలో నమోదు) వేసి, ప్రొడక్షన్ మేనేజర్‌కి మెయిల్ కొట్టి, ప్లాంట్ హెడ్‌ని సీసీలో పెట్టారు. అప్పటినుంచి క్యాంటీన్‌లో ఆమె వచ్చి కూర్చుంటే టేబుల్ ఖాళీ అవుతోంది. లైన్ క్లియరెన్స్‌కి, అంటే కొత్త బ్యాచ్‌కి ముందు లైన్ చూసి సరేననడానికి, రమ్మనే ఫోన్ ఆలస్యంగా వస్తోంది. పైగా ఆ ఆలస్యం క్యూఏ వల్లేనని పైకి కంప్లైంట్లు. యాభై దాటిన ఆ మేనేజర్ గారు అందరి ముందూ "మేడమ్‌కి పుస్తకం తెలుసు, మాకు మిషన్ తెలుసు" అన్నారు. కంప్రెషన్‌లో ఒక సీనియర్ ఆపరేటర్ ఉన్నారట. అందరూ ఆయన్ని 'అన్నా' అంటారు, ఆయన మాటే వింటారు. ఆయనేమో ఈమె లోపలికి వస్తే తల కూడా ఎత్తరు. ఇంట్లో భర్త "అధికారం ఇవ్వని పనికి నీకెందుకు టెన్షన్" అంటున్నారు.

ప్లాంట్ హెడ్ దగ్గర అధికారం రాయించుకోవాలా, చూసీ చూడనట్టు పోవాలా, మందుల అనుమతుల కాగితాలు చూసే రెగ్యులేటరీ విభాగానికి మారిపోవాలా అని ఆమె అడుగుతున్నారు. చివర్లో ఇంకో మాట: "ఆ మేనేజర్ గారికి సారీ చెప్పాలా? చెబితే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు అవుతుందా?"

మీ ఉత్తరంలో "నాకు ఏ అధికారమూ లేదు" అన్న మాట పదేపదే వచ్చింది. అది పూర్తిగా నిజం కాదండీ. మందుల తయారీలో ప్రొడక్షన్, క్వాలిటీ విభాగాలు ఒకదాని చెప్పుచేతల్లో ఇంకొకటి ఉండకూడదన్నది మూల సూత్రం. క్వాలిటీ వాళ్లు సంతకం పెట్టకుండా బ్యాచ్ గేటు దాటదు. బ్యాచ్‌ని ఆమోదించే, తిరస్కరించే అధికారం క్వాలిటీ విభాగానిదేనని అమెరికా నిబంధనల్లో 211.22లో రాసే ఉంది. అంటే పని ఆపే అధికారం మీ విభాగానికి పుష్కలంగా ఉంది. లేనిది మనుషుల్ని కదిలించే అధికారం. మొదటిదాన్ని పట్టుకుని రెండో పని చేయబోయారు, చిక్కు అక్కడ పడింది. బ్యాచ్‌ని ఆపితే అది ఆగుతుంది. మనిషిని ఆపితే అతను పక్కదారి వెతుక్కుంటాడు. లైన్ క్లియరెన్స్ ఫోన్ ఆలస్యం కావడం అలాంటి పక్కదారే.

1959లో జాన్ ఫ్రెంచ్, బెర్‌ట్రామ్ రేవెన్ అనే ఇద్దరు సామాజిక మనస్తత్వవేత్తలు ఒకరి మాట ఇంకొకరి మీద ఎందుకు పనిచేస్తుందో ఆలోచించి అయిదు కారణాలు చెప్పారు. ఇవ్వగలగడం, శిక్షించగలగడం, కుర్చీ, తెలివిడి, ఆ మనిషి మీద ఉండే గౌరవం. మీకు ప్రమోషన్ ఇచ్చే శక్తి లేదు, కుర్చీ లేదు. మీ తెలివిడిని ఎదుటివాళ్లు ఒప్పుకోవడం లేదు. "మాకు మిషన్ తెలుసు" అనడంలో అర్థం అదే. ఇక గౌరవం ఏర్పడడానికి నాలుగు నెలలు చాలవు. అందుకే చేతికందిన ఒక్కటీ వాడారు, ప్లాంట్ హెడ్ దగ్గర అప్పు తెచ్చుకున్న శిక్ష. ఆ సీసీ అదే. అప్పు తెచ్చింది ఒకటి రెండుసార్లు చెల్లుతుంది. మూడోసారికి ప్లాంట్ హెడ్ కూడా "మీలో మీరు సర్దుకోండమ్మా" అంటారు.

ఆ మేనేజర్ గారి వైపు నుంచి ఒక్క నిమిషం చూడండి. ఎంట్రీలు ఆలస్యంగా రాస్తున్నారన్న సంగతి ఆయనకు మీకంటే ముందే తెలిసి ఉంటుంది. ఆయన్ని పొడిచింది విషయం కాదు, వరస. తన డిపార్ట్‌మెంట్ సంగతి తనకూ తన బాస్‌కూ ఒకేసారి తెలియడం. ఇరవై ఏళ్లు ప్లాంటులో పనిచేసిన మనిషికి అది చిన్న విషయం కాదు.

అలాగని మీరు పట్టుకున్నది చిన్న విషయమని నేననడం లేదు. పని చేసే వేళకే రాయాలని అమెరికా నిబంధన 211.100 చెబుతుంది. మన దగ్గర 2023 డిసెంబరులో సవరించిన షెడ్యూల్ ఎం (మందుల తయారీ నిబంధనలు) వచ్చాక రికార్డుల విషయంలో పట్టు ఇంకా బిగిసింది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు ఆ పేజీలు అడుగుతారు, 483 అబ్జర్వేషన్లు (అమెరికా ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు రాసిచ్చే లోపాలు) వాటిలోంచి కూడా పుడతాయి.

అయితే మీరు రాయని విషయం ఒకటుంది, నా సమాధానమంతా దానిమీదే ఆధారపడింది. ఆ మూడు గంటల్లో మాత్రల బరువు, గట్టిదనం చూసి, రాయడం మాత్రం ఆలస్యం చేశారా? లేక చూడకుండానే అంకెలు వేసేశారా? బయటికి రెండూ ఒకే పేజీలా కనిపిస్తాయి. చూసి ఆలస్యంగా రాస్తే అది చెడ్డ అలవాటు, మాన్పించడానికి టైమ్ తీసుకోవచ్చు. చూడకుండా రాస్తే అది అబద్ధం, ఆ మాత్ర రేపు ఎవరి ఇంట్లోనో ఒక ముసలాయన వేసుకుంటాడు. అక్కడ స్నేహాలూ లేవు, నెమ్మదీ లేదు. అదే రోజు డీవియేషన్, అదే రోజు మీ క్యూఏ హెడ్‌కి ఫోన్. క్యాంటీన్‌లో ఎవరూ మాట్లాడకపోయినా సరే. ఇకమీద నేను రాసేదంతా మొదటి రకం గురించే.

మొదట ఒక పని చెయ్యండి. ఉదయం 6 నుంచి 2 దాకా ఒక పూర్తి షిఫ్ట్ ఆ గదిలో నిలబడండి. చెక్‌లిస్ట్ తీసుకెళ్లకండి. ముందే ఆ మేనేజర్ గారికి చెప్పి వెళ్లండి, లేకపోతే దాన్ని కూడా దాడి అనుకుంటారు. అరగంటకోసారి మాత్రలు తీసి తూయాలి, మందం చూడాలి, గట్టిదనం చూడాలి. అదే మనిషి మిషన్‌లోకి పొడి జారే హాపర్ చూసుకోవాలి, నిండిన డబ్బా మార్చాలి, మాత్రని నొక్కే పంచ్‌కి పొడి అంటుకుంటే మెయింటెనెన్స్‌కి ఫోన్ చెయ్యాలి. చేతికి గ్లవ్స్, గ్లవ్స్‌కి పౌడర్. ఆ చేత్తో పేజీ తిప్పితే రికార్డు పాడవుతుందని దాన్ని గది బయట స్టీల్ బల్ల మీద పెట్టి ఉంటారు. వాచీ, ఫోన్ లోపలికి రానివ్వరు. మరి గోడ గడియారం మిషన్ దగ్గర నుంచి కనిపిస్తుందా? టైమ్ రాయమని పేజీ అడుగుతోంది, టైమ్ చూసుకునే వీలు గది ఇస్తోందా? నైట్ షిఫ్ట్‌లో ఒకే మనిషి రెండు మిషన్లు చూస్తున్నాడా? మీ ప్లాంటులో ఇవన్నీ ఇలాగే ఉంటాయని నేను అనడం లేదు, వెళ్లి చూడమంటున్నాను. "ట్రైనింగ్ ఇచ్చాం, అయినా వినడం లేదు" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఒక బల్లో, ఒక గడియారమో ఉంటుంది. ఆ ట్రైనింగ్ ఏ భాషలో జరిగిందో కూడా చూడండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కాంట్రాక్ట్ కుర్రాళ్లకి ఇంగ్లీషు స్లైడ్లు వేసి, చివర్లో సంతకాలు తీసుకుని ట్రైనింగ్ అయిందనుకునే ప్లాంట్లకు కొదవ లేదు. మన హైదరాబాద్ హిందీలో పది నిమిషాలు చెప్పినా ఎక్కువ ఎక్కుతుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నదీ, మీరు గుర్తించనిదీ చెబుతాను. రికార్డు ఫార్మాట్‌ని మార్చే దారి క్యూఏ గుండానే వెళ్తుంది. ఒకే టైమ్ బ్యాచ్ రికార్డులో ఒకసారి, ఎక్విప్‌మెంట్ లాగ్‌లో ఒకసారి, ఏరియా లాగ్‌లో ఇంకోసారి రాయిస్తున్నారేమో చూడండి. అనవసరమైనది ఒకటి దొరికితే చేంజ్ కంట్రోల్ (మార్పుకి అనుమతి కోరే కాగితం) వేసి తీయించండి. బల్లని లోపలికి జరిపించండి, గడియారం పెట్టించండి. ఇన్నాళ్లూ క్యూఏ వస్తే పని పెరుగుతుందని తెలిసినవాళ్లకి, ఈమె వస్తే ఒక ఎంట్రీ తగ్గిందని తెలుస్తుంది. నేను పైన చెప్పిన అయిదింటిలో 'ఇవ్వగలగడం' మీకు లేదన్నాను కదా, ఇది మాత్రం ఉంది.

ఆ 'అన్న' సంగతి. ఆయనకీ కాగితం మీద ఏ అధికారమూ లేదు, గమనించారా? మీరు నన్ను అడుగుతున్న విద్య మీ ప్లాంటులో ఆయనకు వచ్చు. ఎలా వచ్చిందో కొన్నాళ్లు చూడండి. మిషన్ చప్పుడు మారగానే ఎవరు ఆయన్ని పిలుస్తారు, దసరాకి ఊరెళ్లాలన్న కుర్రాడి షిఫ్ట్ ఎవరు సర్దుతారు, సూపర్‌వైజర్ అరిచినప్పుడు ఎవరు మధ్యలో నిలబడతారు. ఆయన దగ్గరికి వెళ్లి "అన్నా, మీరు చెబితే వింటారు, కొంచెం చెప్పండి" అనకండి. అలా అడిగితే ఆయన్ని మీ మనిషిని చేసుకున్నట్టు అవుతుంది, ఆయన అటు కాకుండా, ఇటు కాకుండా పోతారు. "అన్నా, ఈ పేజీ నింపడంలో ఎక్కడ ఇబ్బంది వస్తోంది?" అని అడగండి. జవాబు మొదటిరోజే రాదు. వచ్చినరోజు దాన్ని అమలు చేసి చూపించండి. మీటింగులో మాత్రం "ఈ ఐడియా ఫలానా ఆపరేటర్‌ది" అని ఆయన్ని అడగకుండా పేరు చెప్పి చప్పట్లు కొట్టించకండి. హెచ్ఆర్ వాళ్లకి ఇలాంటివి మహా సరదా, ఫోటో తీసి నోటీసు బోర్డుకి ఎక్కిస్తారు. షాప్ ఫ్లోర్‌లో అది ఆయనకు తలవంపు కావచ్చు.

మేనేజర్ గారికి మీ డీవియేషన్ల గోల పట్టదు, ఆయన లెక్క వేరు: ఈ నెల ఎన్ని బ్యాచ్‌లు వెళ్లాయి. రికార్డులో తప్పులుంటే రివ్యూలో క్వెరీలు వస్తాయి, దిద్దడానికి పేజీలు అటూ ఇటూ తిరుగుతాయి, ఈలోగా సరుకు విడుదల కాకుండా క్వారంటైన్‌లో పడి ఉంటుంది. గత రెండు నెలల్లో రికార్డు దిద్దుబాట్ల వల్లే ఏ బ్యాచ్ ఎన్ని రోజులు ఆగిందో మీ దగ్గర తేదీలుంటాయి. ఒక్క కాగితం మీద రాసి ఆయన గదికి ఒంటరిగా వెళ్లండి. "సార్, ఇన్ని రోజులు మీ సరుకు మా దగ్గర ఆగిపోయింది, ఒక్క లైన్ మీద ఒక నెల నాతో కలిసి చూస్తారా" అని అడగండి. ఒప్పుకోకపోవచ్చు. కానీ పుస్తకం, మిషన్ అన్న తగాదా కాస్తా డిస్పాచ్ సంగతికి మారుతుంది, అక్కడ మీరిద్దరూ ఒకే పక్షం.

లైన్ క్లియరెన్స్ గొడవకి పెద్ద మందు అక్కర్లేదు. ఫోన్ వచ్చిన టైమ్, మీరు చేరిన టైమ్, ఒక చిన్న రిజిస్టర్. ఎవరి మీదా మాట తూలకండి.

ఇక మీ మూడు దారులు. మొదటిది, అధికారం రాయించుకోవడం. ప్లాంట్ హెడ్ లెటర్ ఇచ్చినా దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టే ఉంటుంది. రోజూ పని నడిపేది మేనేజర్ గారు, లెటర్ మీ డ్రాయర్‌లో ఉంటుంది. అందుకని మనుషుల మీద అధికారం అడగకండి, చిన్నవి అడగండి. ఉదయం ప్రొడక్షన్ మీటింగులో పది నిమిషాలు. ట్రయల్‌కి ఒక లైన్. మాట తెగకపోతే ఎవరు తేలుస్తారో ముందే ఒక పేరు. ఈ బాధ్యత అప్రైజల్ గోల్స్‌లో చేరాలని కూడా అడగండి, మీ చేతిలో ఉన్నది ఏదో, లేనిది ఏదో విడివిడిగా రాయించుకుని మరీ. అధికారం లేని బాధ్యత ఇవ్వడం పైవాళ్లకి చాలా చౌకగా అయిపోయే పని. జరిగితే వాళ్ల ప్లాంటు బాగుపడింది, జరక్కపోతే మీరు చేయించలేకపోయారు. ఆ మేరకు మీవారి మాటలో నిజముంది.

అన్నట్టు, ఇంత పెద్ద ఉత్తరంలో మీ సొంత బాస్, క్యూఏ హెడ్ ఎక్కడా కనిపించలేదు. నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది ఇదే. ప్లాంట్ హెడ్ మీ బాస్‌ని దాటి నేరుగా మీకు పని అప్పగించారా? అలా అయితే ఆయనకూ లోపల ఏదో ఉండి ఉంటుంది, అందుకే మౌనంగా చూస్తున్నారేమో. ప్లాంట్ హెడ్ గది కంటే ముందు ఆ గదికి వెళ్లండి. మీ వెనక మీ విభాగమే నిలబడకపోతే ప్రొడక్షన్ ఎందుకు నిలబడుతుంది?

మీ క్యూఏ హెడ్‌తో ఇంకో సంగతి కూడా మాట్లాడాలి. పని సరిగ్గా మొదలైతే తప్పుల లెక్క మొదట పెరుగుతుంది. హార్వర్డ్‌లో ఉన్న అమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లు చూసినప్పుడు, మంచి జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ చేసినందుకు కాదు, భయం లేక బయటికి చెప్పినందుకు అన్నది ఆమె తేల్చిన మాట. మీ దగ్గర కూడా ఆపరేటర్ తనంతట తాను వచ్చి "మేడమ్, ఇక్కడ ఎంట్రీ మిస్సయింది" అని చెప్పడం మొదలైతే చార్ట్ పైకి లేస్తుంది. ఆ చార్ట్ చూసి ప్లాంట్ హెడ్ "తగ్గించమంటే పెంచారేంటి" అనకముందే, పెరుగుతుందని ఆయన చెవిన వెయ్యండి. మీ క్యూఏ హెడ్ చేత చెప్పిస్తే ఇంకా మంచిది.

రెండోది, చూసీ చూడనట్టు పోవడం. కొన్నాళ్లు క్యాంటీన్‌లో పలకరింపులు తిరిగొస్తాయి. కానీ రివ్యూ చేసిన పేజీ మీద సంతకం మీది. ఇన్‌స్పెక్టర్ ఆ సంతకం చూపించి అడిగిన రోజు మీ పక్కన కూర్చునేవాళ్లు ఉండరు. ఈ దారి వద్దని గట్టిగానే చెబుతాను.

మూడోది, రెగ్యులేటరీ. ఆ పని మీద ఇష్టం ఉంటే వెళ్లండి, మంచి పని. వీళ్ల నుంచి తప్పించుకోవడానికే అయితే ఒక్క మాట. డోసియర్ (అనుమతి కోసం పంపే పత్రాల కట్ట) తయారుచెయ్యాలంటే ఆర్ అండ్ డీ, క్యూసీ, ప్రొడక్షన్ అందరి దగ్గరా డేటా రాబట్టాలి, వాళ్లలో ఎవరూ మీ కింద ఉండరు. ఇదే కష్టం, కాకపోతే ఏసీ గదిలో. ఒక లైన్ మీద ట్రయల్ నడిచి ఏదో ఒకటి తేలేదాకా ఆగితే, తర్వాత వెళ్లినా ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక పని ఉంటుంది.

వీళ్లు మీ మాట వినకపోవడంలో కొంత మీరు చిన్నవారు కావడం, ఆడమనిషి కావడం వల్ల కూడా. ఎంత వాటా అన్నది నాకంటే మీకే బాగా తెలుసు. అదంతా మీ లోపం ఖాతాలో వేసుకోకండి. మాటలు హద్దు దాటి ఒంటిమీదికి, నడవడిక మీదికి వెళ్తే అది ఇక్కడ చెప్పుకునే విషయం కాదు, కంపెనీలో ఇంటర్నల్ కమిటీ ఉంటుంది.

సారీ గురించి. డీవియేషన్ వేసినందుకు చెప్పకండి, అది మీ డ్యూటీ. వరస తప్పినందుకు చెప్పొచ్చు, దానివల్ల మీ కేసు బలహీనపడదు. ఆ కాగితం పట్టుకెళ్లిన రోజే, కూర్చోకముందే, "సార్, ఆరోజు ముందు మీకు ఫోన్ చేసి ఉండాల్సింది. ఇకమీద మీకు చెప్పాకే మెయిల్ పెడతాను. కానీ పెట్టాల్సి వస్తే మాత్రం పెడతాను" అనండి. రెండో వాక్యం దగ్గర ఆగిపోకండి, మూడోది కూడా అనాలి. నెలాఖరు వారంలో వద్దు, డిస్పాచ్ హడావుడిలో ఆయనకు ఏదీ చెవికెక్కదు. అయిదో తారీఖు దాటాక, మధ్యాహ్నం టీ వేళకి వెళ్లండి.